ఒంట్లో బాగానే ఉంది, బయల్దేరవచ్చా? అంటువ్యాధి సోకి ఉండొచ్చన్న అనుమానంలో ప్రయాణం

రేపు ప్రయాణం. టికెట్లు చేతిలో ఉన్నాయి. ఇంతలో ఫోన్ వస్తుంది: మొన్న మీ పక్కన కూర్చుని రెండు గంటలు మాట్లాడిన మనిషికి ఫలానా అంటువ్యాధి అని తేలిందట. మీకు జ్వరం లేదు, దగ్గు లేదు, ఆకలి మామూలుగానే ఉంది. వెళ్లాలా, మానాలా?

ఇలాంటప్పుడు చాలామంది ముందు తమ ఒంటినే అడుగుతారు. నలతగా లేకపోతే బయల్దేరతారు. చిక్కు ఏమిటంటే, ఇవాళ ఒళ్లు చెప్పే సాక్ష్యానికి విలువ తక్కువ. జబ్బు లోపల ఉన్నా కొన్ని రోజులు పైకి ఏమీ తెలియదు. కొన్ని జబ్బులు ఆ తెలియని రోజుల్లోనే ఎదుటివారికి పాకుతాయి, కొన్ని పాకవు. కాబట్టి అసలు ప్రశ్న "నాకు బాగుందా?" అన్నది కాదు. "నేను దారిలో ఉండే రోజుల్లో నా నుంచి ఇంకొకరికి అంటే అవకాశం ఉందా?" అన్నది. దీనికి జవాబు జబ్బును బట్టి, తేదీలను బట్టి, దారిలో ఎదురయ్యే మనుషులను బట్టి మారుతుంది.

## తగలడం, సోకడం, అంటించడం

ఈ మూడింటినీ ఒకటిగా కలిపేయడం వల్లే సగం గందరగోళం వస్తుంది.

ఎక్స్‌పోజర్ అంటే రోగకారక క్రిమి మీ దాకా వచ్చి ఉండగల పరిస్థితిలో మీరు ఉన్నారని, అంతే. ఒకే గదిలో కూర్చోవడం, ఒకే ఇంట్లో పడుకోవడం, రోగి శరీర ద్రవాలు చర్మానికి తగలడం లాంటివి. ఏది ఎక్స్‌పోజర్ అవుతుందో జబ్బు తేలుస్తుంది. మీజిల్స్, అంటే తట్టు వైరస్, రోగి గది వదిలి వెళ్లాక కూడా రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు. అందుకే ఆ మనిషిని మీరు చూసి ఉండకపోయినా లెక్కలోకి వస్తారు. ఎబోలా అలా కాదు. లక్షణాలు కనబడుతున్న రోగి రక్తం, వాంతి, విరేచనం లాంటివి తగిలితేనే ప్రమాదం. కోవిడ్ కాలంలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ వాడిన కొలత ఆరడుగుల లోపు, 24 గంటల్లో మొత్తం 15 నిమిషాలు. అది జనాన్ని వెతికి పట్టుకోవడానికి గీసుకున్న గీత. పదహారో నిమిషంలో వైరస్ దూకుతుందనీ, పద్నాలుగో నిమిషంలో ఆగుతుందనీ దాని అర్థం కాదు.

ఇన్ఫెక్షన్ అంటే క్రిమి ఒంట్లో స్థిరపడి పెరగడం మొదలుపెట్టిందని. ఎక్స్‌పోజ్ అయిన ప్రతివారికీ ఇది జరగదు. రోగనిరోధక శక్తి లేనివారు తట్టు రోగికి దగ్గరగా మెలిగితే పదిమందిలో తొమ్మిదిమందికి సోకుతుంది. చాలా జబ్బుల్లో ఈ పాళ్లు దీనికంటే బాగా తక్కువ.

మూడోది అంటించగల స్థితి. సోకినవారంతా అన్నివేళలా అంటించరు. క్షయ దీనికి స్పష్టమైన ఉదాహరణ: ఒంట్లో బ్యాక్టీరియా నిద్రాణంగా ఉండి జబ్బుగా మారనివారు ఎవరికీ అంటించరు, వారి ప్రయాణానికి అడ్డేమీ లేదు. ఊపిరితిత్తుల క్షయ చురుగ్గా ఉన్నవారి సంగతి వేరు.

జబ్బు ఉందని తేలినవారిని విడిగా ఉంచితే ఐసొలేషన్. ఎక్స్‌పోజ్ అయి, ఇంకా జబ్బు తేలనివారిని విడిగా ఉంచితే క్వారంటైన్. దీని చరిత్ర పాతదే. 1377లో, ప్లేగు రోజుల్లో, ఇప్పుడు దుబ్రోవ్నిక్ అంటున్న రగూసా రేవు పట్టణం రోగపీడిత ప్రాంతాల నుంచి వచ్చేవారిని 30 రోజులు బయటే ఆపింది. ఈ రెండూ కాక మూడో మెట్టు ఒకటుంది: మామూలుగా తిరుగుతూనే రోజూ జ్వరం చూసుకుని ఆరోగ్య సిబ్బందికి చెప్పే పర్యవేక్షణ. ఎక్స్‌పోజర్ అనగానే క్వారంటైనే అనుకుంటారు కానీ, చాలా సందర్భాల్లో వైద్యులు చెప్పేది ఈ మూడోదే.

## ఒకేసారి నడిచే రెండు గడియారాలు

క్రిమి ఒంట్లోకి వచ్చిన క్షణం నుంచి రెండు గడియారాలు కదులుతాయి. ఒకటి లక్షణాలు ఎప్పుడు మొదలవుతాయో చెబుతుంది, దీన్ని ఇంక్యుబేషన్ కాలం అంటారు. రెండోది ఇతరులకు అంటించడం ఎప్పుడు మొదలవుతుందో చెబుతుంది. ఈ రెండింటిలో ఏది ముందు మోగుతుందన్నదే ప్రయాణం విషయంలో కీలకం.

ఫ్లూలో ఇంక్యుబేషన్ 1 నుంచి 4 రోజులు. లక్షణాలకు సుమారు ఒక రోజు ముందే అంటించడం మొదలవుతుంది. కోవిడ్‌లోనూ లక్షణాలకు ఒకటి రెండు రోజుల ముందు నుంచే పాకుతుంది. తట్టులో దద్దుర్లు కనబడడానికి 4 రోజుల ముందు నుంచి, కనబడ్డాక 4 రోజుల వరకు. ఆ ముందరి నాలుగు రోజుల్లో ఉండేది జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడం మాత్రమే. మామూలు జలుబు అనుకునే వీలు ఎక్కువ. ఆటలమ్మలో పొక్కులకు ఒకటి రెండు రోజుల ముందు నుంచి, పొక్కులన్నీ పెచ్చుకట్టే దాకా అంటుతుంది.

సార్స్ అనే తీవ్ర శ్వాసకోశ వ్యాధిలో, ఎబోలాలో క్రమం తిరగబడింది. 2003లో సార్స్‌ను జూలై కల్లా అదుపు చేయగలగడానికి ఒక ముఖ్య కారణం, అది ప్రధానంగా లక్షణాలు మొదలయ్యాకే పాకడం. జ్వరం వచ్చినవారిని వెంటనే విడిగా ఉంచితే గొలుసు తెగేది. ఎబోలా ఇంక్యుబేషన్ 2 నుంచి 21 రోజులు, లక్షణాలు లేనంతవరకు అంటదు. అలాగని ఎబోలా రోగికి సన్నిహితంగా మెలిగినవారు లక్షణాలు లేవని నిశ్చింతగా విమానం ఎక్కవచ్చా? బయల్దేరేటప్పుడు జ్వరం ఉండకపోవచ్చు. కానీ రెండు విమానాలు మారి 20 గంటలకు గమ్యం చేరేలోపు రావచ్చు, అప్పటికి దిగిపోయే దారి ఉండదు. అందుకే 2014లో సీడీసీ ప్రమాదం ఎక్కువ ఉన్న కాంటాక్ట్‌లను, అంటే రోగితో మెలిగినవారిని, లక్షణాలు లేకపోయినా జనం ఎక్కే విమానాలు, రైళ్లు, బస్సులకు దూరంగా ఉంచమంది. మధ్యలో ఆపుకోగల సొంత వాహనం ఆ లెక్కలో వేరు.

క్షయ విషయంలో ఈ గడియారాలకు వారాలు, నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పడుతుంది. అంతకాలం మనిషిని ఆపడం అర్థం లేని పని. అక్కడ కాంటాక్ట్‌కి కావలసింది పరీక్ష, అవసరమైతే నివారణ మందు.

## రోజులు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి

ఎక్స్‌పోజ్ అయిన రోజు సున్నా, మర్నాడు ఒకటి. ఇంతవరకు తేలికే. నిజ జీవితంలో తేదీలు ఎలా పనిచేస్తాయో రెండు ఉదాహరణల్లో చూద్దాం.

మొదటిది తట్టు. టీకా వేయించుకోని, ఇదివరకు జబ్బు రాని ఒక పెద్దమనిషి 3వ తేదీ సాయంత్రం 6 గంటలకు రోగి ఉన్న గదిలో ఉన్నారు. తర్వాత మళ్లీ కలవలేదు. ఎక్స్‌పోజర్ తర్వాత 5వ రోజు నుంచి 21వ రోజు దాకా అంటించే అవకాశం ఉన్న కాలంగా లెక్కిస్తారు. అంటే 8వ తేదీ నుంచి 24వ తేదీ వరకు. ఆయనకు 5వ తేదీన వెళ్లి 15న తిరిగి వచ్చే ప్రయాణం ఉంది. వెళ్లేరోజు రెండో రోజే, ఆ రోజు ఆయన వల్ల పక్క సీటువారికి ముప్పు లేదు. తిరిగి వచ్చే 15వ తేదీ మాత్రం పన్నెండో రోజు. తట్టులో తొలి లక్షణాలు సగటున 11, 12 రోజులకు మొదలవుతాయి. అంటే ప్రమాదం తిరుగు టికెట్‌లో ఉంది. బయల్దేరేటప్పుడు ఎవరూ ఈ రెండో తేదీని చూడరు. చూస్తే ప్రశ్న ఇలా మారుతుంది: వెళ్లిన చోట అవసరమైతే 24 దాకా ఆగగలరా? ఆగడానికి విడిగా ఒక గది, సెలవు, డబ్బు, చూసుకునే మనిషి ఉన్నారా? లేకపోతే వెళ్లేటప్పటి ప్రయాణం క్షేమమైనదే అయినా, దాని వెంట వచ్చే తిరుగు ప్రయాణం అలాంటిది కాదు.

రెండోది ఆటలమ్మ, ఒకే ఇంట్లో. అక్కకి 5వ తేదీన పొక్కులు వచ్చాయి. రెండు రోజుల ముందు నుంచే అంటుతుంది కాబట్టి తమ్ముడి తొలి ఎక్స్‌పోజర్ 3వ తేదీ. పొక్కులన్నీ 10వ తేదీకి పెచ్చుకట్టాయి, అదే అతని చివరి ఎక్స్‌పోజర్. ఇక్కడ ఒక్క తేదీతో లెక్క కుదరదు. జాగ్రత్త మొదలయ్యేది తొలి ఎక్స్‌పోజర్ నుంచి 8వ రోజున, అంటే 11వ తేదీన. ముగిసేది చివరి ఎక్స్‌పోజర్ నుంచి 21వ రోజున, అంటే 31వ తేదీన. మొదలు తొలి తేదీ నుంచి, ముగింపు చివరి తేదీ నుంచి. ఈ నియమం తెలియక పొక్కులు కనబడ్డ 5వ తేదీ నుంచే 21 రోజులు లెక్కపెట్టి, 26 దాటగానే పిల్లాణ్ణి ప్రయాణం చేయించే కుటుంబాలు ఉంటాయి. వాళ్లు నిర్లక్ష్యం చేశారనలేం. లెక్క ఎవరూ విడమరిచి చెప్పకపోవడమే అక్కడి లోపం.

## టీకా, నివారణ మందు తేదీలను ఎలా మారుస్తాయి

తట్టు టీకా రెండు డోసులు పడినవారిలో సుమారు 97 శాతం మందికి, ఒక్క డోసు పడినవారిలో 93 శాతం మందికి రక్షణ ఉంటుంది. కాబట్టి పై ఉదాహరణలో ఆ పెద్దమనిషి దగ్గర రెండు డోసుల కాగితం ఉంటే సాధారణంగా క్వారంటైన్ ప్రశ్నే రాదు. "చిన్నప్పుడు వేయించే ఉంటారు" అన్న మాట మీద ఆరోగ్య శాఖలు ఆధారపడవు. రికార్డు కానీ, రక్తపరీక్ష కానీ కావాలి.

టీకా లేనివారికి ఎక్స్‌పోజర్ తర్వాత 72 గంటల లోపు వేసినా జబ్బును ఆపే అవకాశం ఉంది. మన ఉదాహరణలో అది 6వ తేదీ సాయంత్రం 6 గంటల వరకు. ఆ గడువు దాటితే, జబ్బు తీవ్రంగా వచ్చే ప్రమాదం ఉన్న పసిపిల్లలు, రోగనిరోధక శక్తి లేని గర్భిణులు, నిరోధక శక్తి బాగా తగ్గినవారికి 6 రోజుల లోపు ఇమ్యూనోగ్లోబ్యులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు, ఇస్తారు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఇమ్యూనోగ్లోబ్యులిన్ జబ్బును ఆపకపోయినా ఆలస్యం చేయగలదు. అందుకని అది తీసుకున్నవారిని 21 రోజులు కాక 28 రోజులు గమనిస్తారు. మందు తీసుకున్నాను కాబట్టి త్వరగా బయటపడ్డానని అనుకునే మనిషికి నిజానికి ఒక వారం పెరుగుతుంది. ఆటలమ్మకు ఇచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్‌లోనూ ఇదే సంగతి.

## నెగెటివ్ వచ్చింది, అయితే?

పరీక్షలో నెగెటివ్ వస్తే జబ్బు లేదని తేలిపోయిందని అనుకోవడం సహజం. అసలు అది చెప్పేది ఇంత మాత్రమే: నమూనా తీసిన ఆ గంటలో, ఆ నమూనాలో, ఆ పరీక్షకు కనబడేంత క్రిమి దొరకలేదు.

కోవిడ్ పీసీఆర్ మీద 2020లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, సోకినవారిలో కూడా ఎక్స్‌పోజర్ తర్వాత 4వ రోజున పరీక్ష చేస్తే సుమారు 67 శాతం మందికి తప్పుగా నెగెటివ్ వస్తుంది. 8వ రోజుకు అది 20 శాతానికి తగ్గుతుంది. పరీక్ష అదే, రోజు మారింది. ఎక్స్‌పోజ్ అయిన మర్నాడే పరుగెత్తి చేయించుకున్న నెగెటివ్ కాగితం దాదాపు ఏమీ చెప్పదు.

ఒక ఊహాజనిత లెక్క చూడండి. ఒక జబ్బు కాంటాక్ట్‌లు 100 మంది, వారిలో 20 మందికి సోకింది. పరీక్ష ఆ రోజున సోకినవారిలో 60 శాతాన్ని పట్టుకోగలదు. అంటే 12 మంది దొరుకుతారు, 8 మంది జారిపోతారు. సోకని 80 మందికీ నెగెటివే. మొత్తం నెగెటివ్ కాగితాలు 88, వాటిలో 8 చేతుల్లో నిజంగా ఇన్ఫెక్షన్ ఉంది. అంటే ముప్పు 20 శాతం నుంచి సుమారు 9 శాతానికి తగ్గింది, సున్నాకి రాలేదు. ఆ మిగిలిన తొమ్మిది శాతం ఎంత పెద్దది అనేది జబ్బు తీవ్రతను బట్టి తేల్చాలి.

జ్వరం కొలిచే యంత్రాల విషయంలో ఇంకా తక్కువ ఆశ పెట్టుకోవాలి. ఇంక్యుబేషన్‌లో ఉన్నవారికి జ్వరమే ఉండదు. జ్వరం ఉన్నవారు పారాసిటమాల్ వేసుకుంటే కొన్ని గంటలు అది కనబడదు. సార్స్ సమయంలో కెనడా విమానాశ్రయాల్లో లక్షలాది ప్రయాణికులను ఇలా పరీక్షించారు, ఒక్క సార్స్ రోగీ దొరకలేదు. గేటు దగ్గర ఆపలేదు కాబట్టి వెళ్లొచ్చన్నట్టే అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

## దారిలో ఏ భాగం ప్రమాదం

విమానం అనగానే అందరం ఒకే గాలి పీలుస్తున్నామన్న భయం కలుగుతుంది. ఎగురుతున్న పెద్ద విమానాల్లో గాలి గంటకు 20 సార్లకు పైగా మారుతుంది. తిరిగి వాడే గాలిని హెపా ఫిల్టర్లు, అంటే అతి సూక్ష్మ కణాలను కూడా ఆపే జల్లెడలు, వడగడతాయి. గాలి ప్రధానంగా పైనుంచి కిందికి, ఆయా వరుసల పరిధిలోనే కదులుతుంది. చాలా గదులకంటే ఇది మెరుగు. తేడా వచ్చేది ఆ ఏర్పాటు ఆగినప్పుడు. 1977లో అలాస్కాలో 54 మంది ఉన్న విమానం ఇంజిన్ లోపంతో మూడు గంటలు నేలమీద నిలిచిపోయింది, ఆ సమయంలో గాలి ప్రసరణ పనిచేయలేదు. ఫ్లూతో ఉన్న ఒక్క ప్రయాణికురాలి వల్ల 72 గంటల్లో 72 శాతం మంది జబ్బుపడ్డారు. లోపల ఎక్కువసేపు కూర్చున్నవారిలో ఎక్కువ మందికి, దిగి బయటికి వెళ్లినవారిలో తక్కువ మందికి సోకింది.

అయితే ఫిల్టర్లు ఉన్నా దగ్గరి వరుసలకు రక్షణ పూర్తిగా ఉండదు, దూరపు వరుసలకు ముప్పు పూర్తిగా పోదు. 2003 మార్చి 15న హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్లిన విమానంలో సార్స్ లక్షణాలున్న ఒక వ్యక్తి వల్ల 22 మందికి సోకినట్టు పరిశోధకులు తేల్చారు. అతని ముందు మూడు వరుసల్లో ఉన్న 23 మందిలో 8 మందికి సోకింది. అంతకంటే దూరంగా కూర్చున్నవారిలోనూ కొందరికి సోకింది. విమానంలో క్షయ కాంటాక్ట్‌లను వెతికేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 8 గంటలు, అంతకుమించిన ప్రయాణాల్లో రోగి వరుస, ముందు రెండు, వెనక రెండు వరుసలను లెక్కలోకి తీసుకుంటుంది. అది వెతకడానికి ఎంచుకున్న హద్దు మాత్రమే.

ప్రయాణం అంటే సీటు ఒక్కటే కాదు కూడా. స్టేషన్‌కి వెళ్లే కారు, క్యూ, వేచి ఉండే హాలు, మధ్యలో మారే చోటు, రాత్రి ఆగే గది. ఎవరు తారసపడతారో ఎంచుకునే వీలు లేని చోట్లివి. టీకా వయసు రాని పసిబిడ్డ, కీమోథెరపీలో ఉన్న రోగి, అవయవమార్పిడి చేయించుకున్న మనిషి కూడా అదే క్యూలో ఉంటారు. ఇంట్లో ఉంటే మనకు తెలిసినవారికి చెప్పి జాగ్రత్తపడనివ్వగలం. బస్సులో పక్కవారికి ఆ అవకాశం రాదు. బాధ్యత అనే మాటకు బరువు ఎక్కువగా వచ్చేది ఇక్కడేనని నా అభిప్రాయం: తెలిసినవాళ్లం మనం, తెలియక ఆ ముప్పును మోసేది వాళ్లు.

## చిన్న ముప్పు, పెద్ద గుంపు: భిన్న వాదనలు

ముప్పు తక్కువగా ఉన్నప్పుడు మనిషిని ఆపడం అన్యాయం అనే వాదనలో బలముంది. కాంటాక్ట్‌లలో ఎక్కువమందికి జబ్బు సోకనే సోకదు. అంటే క్వారంటైన్‌లో గడిపే రోజుల్లో చాలాభాగం ఆరోగ్యవంతుల రోజులే. చావుబతుకుల్లో ఉన్న తల్లిని చూడడానికి, ఆగితే పోయే ఉద్యోగానికి, మొదలుపెట్టాల్సిన చికిత్సకు చేసే ప్రయాణాన్ని విహారయాత్రతో సమానంగా చూడలేం. నియమం మరీ కఠినమైతే జనం ఎక్స్‌పోజర్ సంగతే దాచేస్తారు, అప్పుడు అసలుకే మోసం.

ఎదుటి వాదన సంఖ్యల నుంచి వస్తుంది. ముప్పు ఒక్కరికి 1 శాతం అనుకుందాం. ఆ ఒక్కరి దృష్టిలో 99 శాతం క్షేమం, వెళ్లడం సబబే. అలాంటి 300 మంది అదే ఆలోచనతో బయల్దేరితే సగటున ముగ్గురు రోగకారకంతో బయల్దేరినట్టు. ఎవరి లెక్కా తప్పు కాదు, అయినా జబ్బు కొత్త ఊరు చేరింది. పైగా ఆ ముగ్గురు ఎవరో ముందుగా ఎవరికీ తెలియదు.

నియమాలు రాసేవారు ఈ రెండింటి మధ్య ఎక్కడో గీత గీస్తారు. కోవిడ్‌లో 14 రోజుల క్వారంటైన్‌ను 2020 డిసెంబరులో సీడీసీ తగ్గించే వీలిచ్చింది: పరీక్ష లేకుండా 10 రోజులు, నెగెటివ్‌తో 7 రోజులు. 10 రోజులకు మిగిలే ముప్పు సుమారు 1 శాతం, గరిష్ఠంగా 10 అని, 7 రోజులకు సుమారు 5, గరిష్ఠంగా 12 అని వాళ్లే చెప్పారు. ముప్పు మిగులుతుందని తెలిసే తగ్గించారు, ఎందుకంటే 14 రోజులు ఎక్కువమంది పాటించలేకపోయారు. ఇది తెలిస్తే, నియమం మారగానే "నిన్న తప్పన్నది ఇవాళ ఒప్పెలా అయింది?" అన్న కోపం కొంత తగ్గుతుంది.

## చట్టం ఎంతవరకు, అడిగి తెలుసుకోవడం ఎంతవరకు

2007 జూన్ 15 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు దేశాలకు ప్రయాణికులను పరీక్షించే, గమనించే, అవసరమైతే విడిగా ఉంచే అధికారాన్ని గుర్తిస్తాయి. అదే సమయంలో వారిని గౌరవంగా చూడాలని, తిండి, నీరు, వసతి, సమాచార సౌకర్యం కల్పించాలని కూడా అంటాయి. హక్కులను ఎంతవరకు కుదించవచ్చో చెప్పే 1984 నాటి సిరాకూజా సూత్రాల సారం ఇది: ఆంక్ష చట్టబద్ధంగా, నిజంగా అవసరమైనదిగా, ఉన్న మార్గాల్లో అతి తక్కువ ఇబ్బంది పెట్టేదిగా ఉండాలి.

ఆచరణలో ఇది ఎంత క్లిష్టమో మూడు సంఘటనలు చూపిస్తాయి.

2007 మేలో మందులకు లొంగని క్షయ ఉన్న ఒక అమెరికన్ యూరప్‌కు విమానంలో వెళ్లాడు. అక్కడున్నప్పుడు జబ్బు ఇంకా తీవ్రమైన రకమని కబురు అందింది. అయినా మరో విమానంలో కెనడా చేరి, రోడ్డు మీదుగా అమెరికాలోకి వచ్చాడు. 1963 తర్వాత తొలిసారి అమెరికా కేంద్ర ప్రభుత్వం ఐసొలేషన్ ఉత్తర్వు జారీచేసింది. మొదట ప్రయాణం వద్దని ఖచ్చితంగా చెప్పారా, మానుకుంటే మంచిదన్నారా అన్న విషయంలో అధికారుల మాటకూ అతని మాటకూ పొంతన కుదరలేదు. "మంచిది కాదు" అనే మెత్తని మాటలో ఎవరికి కావలసిన అర్థం వారు వినగలరు.

2014 అక్టోబరులో డాలస్‌లో ఎబోలా రోగికి సేవచేసిన ఒక నర్సు తిరుగు విమానం ఎక్కేముందు తనకు 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉందని సీడీసీకి చెప్పింది. అప్పటి హద్దు 100.4, ఆమెను ఆపలేదు. రెండు రోజులకు ఎబోలా అని తేలింది. తోటి ప్రయాణికుల్లో ఎవరికీ సోకలేదు. ఆమె చేయవలసింది చేసింది, అడిగింది. కాంటాక్ట్ విషయంలో 99.5ను, మామూలు మనిషి విషయంలో 99.5ను ఒకే కొలబద్దతో చూడడం అడిగించుకున్నవారి పొరపాటు.

అదే నెలలో పశ్చిమాఫ్రికాలో ఎబోలా రోగులకు సేవచేసి వచ్చిన మరో నర్సును, లక్షణాలు లేకపోయినా, విమానాశ్రయం నుంచి తీసుకెళ్లి ఆసుపత్రి ఆవరణలో గుడారంలో ఉంచారు. తర్వాత అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఆమెను ఇంటికే పరిమితం చేయాలని ప్రభుత్వం కోరితే, అక్టోబరు 31న న్యాయమూర్తి ఒప్పుకోలేదు. రోజువారీ పర్యవేక్షణకు సహకరించాలి, ప్రయాణాలను ఆరోగ్య అధికారులతో సంప్రదించి చేయాలి, లక్షణాలు వస్తే వెంటనే చెప్పాలి, ఇంతే షరతులు. ఎబోలా లక్షణాలకు ముందు అంటదన్న విజ్ఞానానికి, ప్రజల భయానికి మధ్య ఆ తీర్పు విజ్ఞానం వైపు నిలబడింది. తట్టు కాంటాక్ట్ విషయంలో ఇదే తీర్పు వర్తించదు, అక్కడ గడియారాల వరుస వేరు.

## చెప్పడం వల్ల ఏం మారుతుంది

2014 జూలై 20న లైబీరియా నుంచి జబ్బుతో ఉన్న ఒక ప్రయాణికుడు నైజీరియా నగరం లాగోస్‌లో విమానం దిగి కుప్పకూలాడు. ఎబోలా రోగితో మెలిగిన సంగతి చెప్పలేదు, మొదట మలేరియా అనుకున్నారు. అతన్ని పంపించేయాలని ఒత్తిడి వచ్చినా డాక్టర్ అమేయో అడడెవో ఆసుపత్రి దాటనివ్వలేదు. ఆమెకూ సోకింది, ఆగస్టు 19న మరణించారు. అతని కాంటాక్ట్‌లలో ఒకరు పర్యవేక్షణ తప్పించుకుని పోర్ట్ హార్కోర్ట్ నగరానికి వెళ్లారు. అక్కడ చికిత్స చేసిన డాక్టరుకు సోకింది, ఆయన చనిపోయారు. నైజీరియాలో మొత్తం 20 మందికి సోకింది, 8 మంది మరణించారు, 894 మంది కాంటాక్ట్‌లను వెతికారు. ఆ 894లో 500 మందికి పైగా ఆ ఒక్క కాంటాక్ట్ ప్రయాణం వల్ల జాబితాలో చేరినవారే. సిబ్బంది సుమారు 18,500 సార్లు ఇళ్లకు వెళ్లి మనుషులను నేరుగా చూసి వచ్చారు.

దాచడం వల్ల పోయేది చికిత్సలో సమయం ఒక్కటే కాదు. క్లినిక్‌కు ముందే ఫోన్ చేసి "నేను ఫలానా జబ్బు కాంటాక్ట్‌ని" అంటే వాళ్లు వేరే ద్వారం నుంచి, జనం లేని గదిలోకి తీసుకోగలరు. చెప్పకుండా వెళ్లి కూర్చుంటే ఆ హాలంతా కొత్త కాంటాక్ట్‌ల జాబితా అవుతుంది. వెళ్లబోయే ఇంటివారికి చెబితే, అక్కడ పసిబిడ్డ ఉంటే రావద్దనే అవకాశం వాళ్లకు ఉంటుంది. చెప్పడంలో రోగం పేరు, చివరిసారి కలిసిన తేదీ, టీకా వివరం ఈ మూడూ ఉండాలి. "కొంచెం జాగ్రత్తగా ఉండమన్నారు" అన్న మాటతో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేరు.

## సగం దారిలో ఉన్నవారు, ఖర్చు ఎవరిది

ప్రయాణం మొదలయ్యాక కబురు తెలిసినవారిది కష్టమైన స్థితి. ఇంటికి తిరిగి రావడం కూడా ప్రయాణమే. లక్షణాలు లేకుండా, అంటించే కాలం ఇంకా మొదలవకుండా ఉంటే, ఆ కొద్ది రోజుల్లోనే నేరుగా ఇంటికి చేరడం పరాయి ఊళ్లో మూడు వారాలు చిక్కుకోవడం కంటే అందరికీ మేలు కావచ్చు. తట్టు ఉదాహరణలో ఆ వెసులుబాటు 7వ తేదీ వరకు ఉంది. ఫ్లూలో దాదాపు ఉండదు, ఎందుకంటే కబురు అందేసరికే అంటించే కాలం మొదలై ఉంటుంది. మధ్యలో వేరే దేశంలో విమానం మారాల్సి ఉంటే ఆ దేశపు నియమాలు కూడా వర్తిస్తాయి. లక్షణాలు అక్కడ మొదలైతే ఆగవలసింది అక్కడే. అందుకే ఇలాంటి స్థితిలో ఆరోగ్య అధికారులు తక్కువ మజిలీలున్న దారిని కోరుకుంటారు.

ఆగాలని నిర్ణయించుకున్నవారి మీద పడే ఖర్చును పక్కనపెట్టి బాధ్యత గురించి మాట్లాడడం సగం మాటే అవుతుంది. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల 40వ అధికరణం ప్రకారం, స్థిరపడడానికి వచ్చేవారు కాని ప్రయాణికుల నుంచి క్వారంటైన్, ఐసొలేషన్‌ల ఖర్చు వసూలు చేయకూడదు. అయినా కోవిడ్ కాలంలో చాలా దేశాల్లో అది ప్రయాణికుల నెత్తినే పడింది. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ హోటల్ క్వారంటైన్‌కు ఒక్కరి దగ్గర 1,750 పౌండ్లు తీసుకుంది. సెలవు పెడితే జీతం పోయే మనిషికి, టికెట్ డబ్బు తిరిగిరాని మనిషికి, ఆగడం అంటే నెల ఇంటి ఖర్చు వదులుకోవడం. జీతంతో సెలవు, రుసుము లేని తేదీ మార్పు, ఆగడానికి ఉచిత వసతి ఉన్నచోట అదే మనిషి ఎక్స్‌పోజర్ సంగతి తనంతట తానే చెబుతాడు, ఆగమంటే ఆగుతాడు. ఇవేవీ లేనిచోట వెళ్లిపోయినవారిని నిందించే ముందు, వారు ఆగడానికి అక్కడ ఏం ఏర్పాటు చేశారో కూడా అడగాలి.